ద్విచక్రయాత్రకు అనుబంధచతుష్టయం

మన గృహాలలో ఏ కర్మ అయినా సంకల్పంతో ఆరంభమవుతుంది. సంకల్పంలో కర్త తన కామనను చెప్పుకొనడానికి ముందే తాను నిలిచి ఉన్న దేశాన్నీ, కాలాన్నీ ఉచ్చరిస్తాడు. ఏ ఖండంలో, ఏ పర్వతానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ తాను ఉన్నాడో చెప్పిన పిమ్మటనే తన పేరు, గోత్రం, ఆపైన కోరిక. పురోహితులు త్వరత్వరగా పలికించే ఈ భాగాన్ని చాలామంది ఉపోద్ఘాతంగా భావించి వదిలివేస్తారు. కాని అందులో ఒక వివేకం ఉన్నది. ఎక్కడ ఉన్నామో ఎరుగనివాడు ఎక్కడికి పోవలెనో నిర్ణయించలేడు.

నేటి విహారయాత్రల నిర్ణయంలో ఈ క్రమం తలక్రిందులైనది. మొదట ఒక ఛాయాచిత్రం కంటబడుతుంది. దానిని చూసి కోరిక కలుగుతుంది. కోరికకు తగిన కారణాలు ఆ తరువాత వెతుకబడతాయి. సైకిలుపై తిరుగుతూ స్థానిక సంస్కృతిని దర్శించవలెనన్న సంకల్పం ఉత్తమమైనదే అయినా, గమ్యాన్ని ఈ విధంగా ఎన్నుకొన్నప్పుడు సంస్కృతి చిత్రానికి వెనుక వేలాడే తెరగా మిగిలిపోతుంది. గమ్యనిర్ణయం కూడ ఒక విచారమే. ఆ విచారానికి ఒక పద్ధతి ఉండవలెను. ఒక తండ్రీకొడుకుల నడుమ నెల రోజులు సాగిన చర్చ ఈ విషయంలో జిజ్ఞాసువులకు ఉపకరించగలదు.

తండ్రి అరువది నాలుగేళ్ళవారు. భీమవరంలో సంస్కృతాధ్యాపకులుగా పనిచేసి విశ్రాంతి పొందినారు. ప్రతి ఉదయం పోతన భాగవతంలో కొంత భాగం పారాయణ చేయడం ఆయన నియమం. కుమారుడు హైదరాబాదులో ఇంజనీరు. రెండేళ్ళ క్రితం ఆ ఇంటి ఇల్లాలు గతించినది. ఆమె ఉన్నన్నాళ్ళు తండ్రి మాట కొడుకుకూ, కొడుకు మాట తండ్రికీ ఆమె ద్వారానే చేరేవి. ఆమె వెళ్ళిపోయిన తరువాత ఇద్దరి నడుమ మిగిలినది రాత్రి ఎనిమిది గంటల ఫోను. "భోజనం చేశారా నాన్నగారూ?" "చేశానురా, నువ్వు?" "మాత్రలు వేసుకున్నారా?" "వేసుకున్నాను." ఇంతటితో సంభాషణ ముగిసేది. ఇద్దరికీ ప్రేమకు కొదువ లేదు. అడుగవలసిన ప్రశ్నలే లేవు.

ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న వస్తువు ఒక్కటే, సైకిలు. తండ్రి మూడు దశాబ్దాలు గొడుగును హ్యాండిలుకు తగిలించుకొని, పుస్తకాలను క్యారియరుపై కట్టుకొని, సైకిలుపైననే కళాశాలకు వెళ్ళినారు. కుమారుడు హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు మార్గంలో ప్రతి ఆదివారం తెల్లవారుజామున తొక్కుతాడు. తండ్రికి అది ఒకచోటికి చేర్చే వాహనం. కొడుకుకు ఎక్కడికీ చేర్చనవసరం లేని వ్యాయామం. "పది రోజులు సెలవు దొరికింది నాన్నగారూ, ఇద్దరం కలిసి సైకిళ్ళ మీద ఎక్కడికైనా వెళదామా?" అని కుమారుడు అడిగిన రాత్రి ఫోను ఎనిమిదింబావుకు ముగియలేదు.

కఠోపనిషత్తులోని రథకల్పన సుప్రసిద్ధమైనది. శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుఱ్ఱాలు, ఆత్మ రథి. సైకిలు ఎక్కినవానికి ఈ ఉపమానం మఱింత సన్నిహితంగా తోస్తుంది. లాగే గుఱ్ఱమూ తానే, నడిపే సారథియూ తానే. కారులో పోయేవాడు దేశాన్ని అద్దం గుండా చూస్తాడు. సైకిలుపై పోయేవానికి ఎదురుగాలి, ఎండ, మట్టివాసన, మిట్టపల్లాలు అన్నీ శరీరానికే తెలుస్తాయి. నడిచేవాని కంటె ఎక్కువ దూరం పోగలడు. పిలిస్తే ఆగగలిగినంత మెల్లగానూ పోగలడు. స్థానిక జీవనాన్ని తెలుసుకొనడానికి ఈ వేగం అనుకూలం. అయితే పదిరోజులు ఈ రథాన్ని ఎక్కడికి నడపవలెను?

వేదాంత ప్రకరణగ్రంథాలు విషయంలోకి ప్రవేశించడానికి ముందు నాలుగు అంశాలను నిర్ణయిస్తాయి. ఈ గ్రంథం ఎవరికొరకు అన్నది అధికారి. ఇందులో ప్రతిపాద్యమైనది విషయం. ఆ విషయానికీ, దానిని తెలిపే సాధనానికీ గల అనుబంధం సంబంధం. దీనివలన కలిగే ఫలం ప్రయోజనం. ఈ నాలుగింటినీ అనుబంధచతుష్టయమంటారు. తండ్రి జీవితమంతా విద్యార్థులకు బోధించిన పాఠమిది. యాత్రకు కూడ ఇదే కొలమానం కావచ్చునని మొదట అన్నవాడు మాత్రం కుమారుడు. "మీరు ఏ పుస్తకం మొదలుపెట్టినా ఆ నాలుగు ప్రశ్నలూ వేసేవారు కదా, దీనికీ అవే వేద్దాం" అన్నాడు. కొడుకు ఆ పాఠాన్ని ఎన్నడో ప్రక్కగదిలో నుండి విని గుర్తుంచుకొన్నాడని తండ్రికి ఆనాడే తెలిసినది.

మొదటిది అధికారి. కుమారుని మనస్సులో ఉన్నది మనాలీ నుండి లేహ్‌కు పోయే మార్గం. 400 కిలోమీటర్లకు పైబడిన దూరం, నడుమ అనేక కనుమలు, వాటిలో తంగ్‌లంగ్ లా 5,300 మీటర్లకు పైన. సైకిలు తొక్కే యువకులకు అది ఒక వ్రతం వంటిది. తండ్రి హృదయానికి వైద్యులు అనుమతించినది సమతలంలో రోజుకు 25, 30 కిలోమీటర్లు. కుమారుడు మార్గాన్ని రెండుమూడు విధాలుగా మార్చి చూసినాడు. తండ్రి వాహనంలో వెంట రావచ్చునన్నాడు. "అప్పుడు అది నీ యాత్ర అవుతుందిరా, నేను సామాను అవుతాను" అన్నారాయన. అధికారి అన్న పదం యోగ్యతాయోగ్యతల తీర్పు కాదు. ఎవరికి ఏది తగినదో గుర్తించడం మాత్రమే. ఇద్దరు కలిసి చేసే యాత్రలో అధికారి కూడ ఆ ఇద్దరి జంటయే. బలవంతుని శక్తిని కొలతగా తీసుకొంటే రెండవవాడు భారమవుతాడు. ఇద్దరూ తొక్కగలిగినదే ఇద్దరికీ మార్గం. కనుక సమతలం, చిన్న దూరాలు, దగ్గరదగ్గర మజిలీలు అన్నవి నిశ్చయమైనవి.

రెండవది విషయం. జపానుదేశంలోని షికోకు ద్వీపం చర్చలోకి వచ్చినది. అక్కడ 88 దేవాలయాలను దర్శిస్తూ ద్వీపాన్ని చుట్టివచ్చే ప్రదక్షిణమార్గం సుమారు 1,200 కిలోమీటర్లు. దానికి మూలపురుషుడు 774లో జన్మించిన కూకాయ్ అనే మహనీయుడు. ఆయన 804లో చైనాకు వెళ్ళి, సంస్కృతమంత్రాలనూ, వాటి లిపినీ అభ్యసించి స్వదేశానికి తెచ్చినాడు. యాత్రికునికి దారిలోని గ్రామస్థులు పండో, పానీయమో, విశ్రాంతికి చోటో సమర్పించే ఆచారం నేటికీ ఉన్నది. విషయం మహత్తరమైనదే. తండ్రి ఆ రాత్రి చాలాసేపు కూకాయ్‌ను గూర్చియే మాట్లాడినారు. కాని కొండదారులు ఎక్కువ, దినాలు తక్కువ. అంతకు మించి, దారిలో పండు ఇచ్చిన వృద్ధురాలితో ఒక్క మాటైనా పలుకలేని స్థితి. ఆమె ఇచ్చినది పుచ్చుకొని, నమస్కరించి, ముందుకు సాగవలసినదే. మౌనంలోనూ సంస్కారం ఉండవచ్చును. అయినా పదిరోజుల మౌనం ఈ ఇద్దరికీ క్రొత్తది కాదు.

మూడవది సంబంధం. ఇక్కడ తండ్రి తన మనస్సులోని స్థలాన్ని బయటపెట్టినారు. అది కావేరీ తీరం. తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధి, తంజావూరులో సరస్వతీమహల్ గ్రంథాలయం, మెలట్టూరులో తమిళదేశం నడుమ తెలుగుమాటలతో నేటికీ ప్రదర్శింపబడే భాగవతమేళా నాటకాలు. నేల సమతలం, కాలువగట్లు, అరటితోటలు. సైకిలు యాత్రకు అన్ని విధాల అనుకూలం. సంబంధమంటే ఇంతకు మించి ఏమి కావలెను?

కుమారుడు కొంచెంసేపు ఆలోచించి, "నాన్నగారూ, అక్కడికి మీరు మూడుసార్లు వెళ్ళారు. ప్రతి వీథీ మీకు తెలుసు. మీరు చెబుతారు, నేను వింటాను. పదిరోజులూ అదే జరుగుతుంది" అన్నాడు. మాట మెత్తగానే ఉన్నది. తండ్రి మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. మరునాడు ఆయనయే కోనసీమ పేరెత్తినారు. అయినవిల్లి, ముక్తేశ్వరం, ర్యాలి, అంతర్వేది, ఆత్రేయపురం పూతరేకులు, బండారులంక నేత. వశిష్ఠ దాటితే చాలు. చెప్పుతూ చెప్పుతూ తానే నవ్వి ఆగిపోయినారు. కావేరిలో ఒక్కరు చెబుతారు, ఒక్కరు వింటారు. కోనసీమలో ఇద్దరికీ అడుగవలసినదేమీ ఉండదు.

బ్రహ్మసూత్రాలలో మొదటి సూత్రానికి భాష్యం రచిస్తూ శంకరభగవత్పాదులు ఒక ఆక్షేపాన్ని లేవనెత్తుతారు. జిజ్ఞాసకు విషయమైన బ్రహ్మం ప్రసిద్ధమా, అప్రసిద్ధమా? ప్రసిద్ధమైతే, అనగా ముందే తెలిసినదైతే, విచారం అనవసరం. అప్రసిద్ధమైతే, అనగా ఏమాత్రం తెలియనిదైతే, విచారం అసంభవం. ఎరుగనిదానిని గూర్చి ప్రశ్నయే పుట్టదు. ఆచార్యుల సమాధానం లోతైనది. ఆత్మ 'నేను' అన్న సామాన్యరూపంలో అందరికీ తెలిసియే ఉన్నది. దాని విశేషరూపం విషయంలోనే దేహమని కొందరు, ఇంద్రియాలని కొందరు, మనస్సని కొందరు వివాదపడుతున్నారు. సామాన్యంగా తెలిసి, విశేషంగా తెలియనిదే జిజ్ఞాసకు తగిన విషయం.

ఈ యాత్రానిర్ణయానికి కీలకం ఇక్కడ దొరికినది. కోనసీమ ఇద్దరికీ ప్రసిద్ధం. కావేరి ఒకరికి ప్రసిద్ధం. షికోకు ఇద్దరికీ అప్రసిద్ధం. కావలసినది ప్రశ్న వేయగలిగినంత తెలిసి, సమాధానం తెలియని దేశం. అది ఇద్దరికీ సమంగా అటువంటిదై ఉండవలెను.

అటువంటి దేశం బ్రహ్మపుత్రలో ఉన్నది. దాని పేరు మాజులి. అస్సాంలో జోర్హాట్ సమీపాన నిమాతి రేవు నుండి పడవపై దాటి చేరవలసిన నదీద్వీపం. రెండు ప్రవాహాల నడిమి నేల అన్న అర్థంలో ఆ పేరు ఏర్పడినదని చెబుతారు. గోదావరీ కృష్ణల నడుమ నిలిచి సంకల్పం చెప్పుకొనే భీమవరంవాసికి ఈ పేరే ఒక పిలుపుగా వినిపించినది. గోదావరిజిల్లాల పలుకుబడిలో అయితే అది ఒక పెద్ద లంక. గట్లపైన రోడ్లు, వరిచేలు, వెదురుతోపులు, చెరువులు, ఎక్కడా కొండ లేదు. స్థానికులు తమ పనులకు సైకిళ్ళపై తిరుగుతారు కనుక సైకిలుపై వచ్చిన అతిథి అక్కడ వింతవస్తువు కాడు. ఇది చిన్నవిషయంగా తోచవచ్చును. వచ్చినవాని వాహనం ఊరివారి వాహనమే అయినప్పుడు చూసేవాడు, చూడబడేవాడు అన్న భేదం కొంత తగ్గుతుంది.

సంబంధం ఇంకా లోతైనది. శ్రీమంత శంకరదేవుడు (1449-1568) అస్సాం దేశంలో ఏకశరణధర్మాన్ని ప్రవర్తింపజేసిన మహాపురుషుడు. యౌవనంలో పన్నెండేళ్ళు తీర్థయాత్ర చేసి వచ్చినవాడు. భాగవతాన్ని తన ప్రజల భాషలోకి తెచ్చినవాడు. దశమస్కంధంలోని ఆదిభాగం ఆయన ప్రసిద్ధరచనలలో ఒకటి. మన పోతనామాత్యుడు కూడ ఆ పదునైదవ శతాబ్దివాడే. తెలుగు భాగవతంలో కొన్ని స్కంధాలను గంగన, సింగన, నారయలు పూరించినట్లే, అస్సామీ భాగవతంలోనూ అనంతకందలి మొదలైన ఇతరకవుల భాగాలు ఉన్నవి. ఒకే గ్రంథం, ఇంచుమించు ఒకే కాలం, పరస్పరం ఎరుగని రెండు నదీతీరాలు.

శంకరదేవుడూ, ఆయన ప్రధానశిష్యుడు మాధవదేవుడూ మొదటిసారి కలుసుకొన్నది మాజులిలోనే. ఆ సమాగమాన్ని అక్కడివారు మణికాంచనసంయోగమంటారు. అనంతరకాలంలో ఆహోంరాజుల ఆదరంతో ఆ ద్వీపంలో అనేక సత్రాలు వెలసినవి. ఔనీఆటి సత్రం 1653 నాటిది. సత్రం అన్న మాట వినగానే తెలుగువానికి బాటసారులకు అన్నమూ, నిద్రించడానికి అరుగూ ఇచ్చే ధర్మశాల స్ఫురిస్తుంది. అస్సాంలో సత్రమంటే భక్తులు నివసించే మఠం. నడుమ కీర్తన్‌ఘర్, దాని తూర్పుకొనలో మణికూటం, చుట్టూ భక్తుల నివాసాలు బారులుగా ఉంటాయి. ఇక భాగవతం ఆరంభమయ్యేదే నైమిశారణ్యంలో శౌనకాది మహర్షుల దీర్ఘసత్రంలో. ఒకే పదం యజ్ఞమై, మఠమై, అన్నశాలయై మూడు చోట్ల నిలిచినది. సామాన్యం తెలిసినదే, విశేషం తెలియనిది. సత్రానికి అధిపతిని అక్కడ సత్రాధికార్ అంటారని చదివినప్పుడు, అధికారి అన్న పదం చుట్టూ వారం రోజులు వాదించుకొన్న తండ్రీకొడుకులు ఇద్దరూ నవ్వుకొన్నారు.

పెక్కు నామ్‌ఘర్లలో ఆరాధనకు మూర్తి ఉండదు. సింహాసనంపై గ్రంథమే ప్రతిష్ఠితమై ఉంటుంది. ఔనీఆటి, దక్షిణపాట్ వంటి సత్రాలలో మూర్తిపూజ కూడ ఉన్నది. నిత్యం భాగవతాన్ని పీఠంపై ఉంచి, పారాయణ చేసి, ఆ తరువాత పూజామందిరంలోని విగ్రహానికి హారతి ఇచ్చే తండ్రికి ఇక్కడ నిజమైన ప్రశ్న పుట్టినది. గ్రంథమే మూర్తి అయినచోట చదవడం పూజయా, పూజ చదవడమా? ఈ ప్రశ్నకు ఆయన వద్ద సిద్ధమైన సమాధానం లేదు.

కుమారుని ప్రశ్న వేరు. ఇంజనీరు కనుక అతని దృష్టి నదిపైన నిలిచినది. 1950 ఆగస్టు 15న అస్సాంలో సంభవించిన మహాభూకంపం బ్రహ్మపుత్ర గర్భాన్నే మార్చివేసినది. కొండచరియలు తెచ్చిన ఇసుకతో నదీతలం ఎత్తుపెరిగి ఒడ్డుల కోత తీవ్రమైనది. ఒకప్పుడు వెయ్యి చదరపు కిలోమీటర్లకు మించి ఉండిన మాజులి నేడు అందులో సగం కూడ లేదు. అనేక సత్రాలు తమ స్థానాలను విడిచి ఆవలిగట్టుకు తరలిపోయినవి. మణికాంచనసంయోగం జరిగిన చోటు కూడ నదిలో కలిసిపోయినదని చెబుతారు. "నేలే కరిగిపోతుంటే ఆ ఊళ్ళవాళ్ళు దేన్ని స్థిరం అనుకుంటారు నాన్నగారూ?" అని కుమారుడు అడిగినాడు. అది ఇంజనీరు ప్రశ్నయే అయినా నిత్యానిత్యవస్తువివేకమూ అక్కడినుండియే ఆరంభమవుతుంది. తండ్రి సమాధానం చెప్పబోయి, "వాళ్ళనే అడుగుదాం" అన్నారు.

ఇంతవరకు చర్చ సాఫీగా నడిచినది. సంఘర్షణ ఆ తరువాత వచ్చినది. మాజులిని గూర్చి చదివినకొద్దీ తండ్రికి అంతటా తన భాగవతమే కనిపించసాగినది. అక్కడి భాఓనా నాటకాలలో సూత్రధారుడు ఉన్నాడు, మన కూచిపూడిలోనూ ఉన్నాడు. సామాగురి సత్రంలో వెదురుచట్రంపై బట్టను, మట్టిని, పేడను పొరలుపొరలుగా పూసి ముఖాలు చేస్తారు. ఆ ముఖాలు మన పూతనవి, మన బకాసురునివి. 2000లో కేంద్ర సంగీత నాటక అకాడమీ శాస్త్రీయనృత్యంగా గుర్తించిన సత్రియ కూడ మన సంప్రదాయమే. "అంతా మనదేరా" అని ఆయన ఆనందపడినారు.

కుమారుడు కొంత నొచ్చుకొన్నట్లుగానే, "అంతా మనదే అయితే అంతదూరం వెళ్ళి చూసేదేముంది నాన్నగారూ?" అన్నాడు. మాజులిలో సత్రాలు ఒక్కటే లేవన్నాడు. స్తంభాలపై ఇళ్ళు కట్టుకొని, విత్తులు నాటే కాలంలో ఆలీ ఆయే లిగాంగ్ పండుగ చేసుకొనే మిసింగ్ ప్రజలు ఉన్నారు. వారి ఆచారాలు వారివి. సాల్మొరాలో సారె లేకుండా చేతులతోనే కుండలు చేసే స్త్రీలు ఉన్నారు. వారందరినీ మన గ్రంథంలోని పాత్రలుగా చేసుకొంటే వారు కనబడరు. "మీరు నన్నూ అలాగే చూస్తారు" అన్న మాట అతని నోట వెలువడినది. అటుపైన ఫోనులో ఇద్దరూ కొంతసేపు మాట్లాడలేదు.

ఆ మౌనాన్ని తండ్రి ఏ విధంగా గ్రహించినారో అన్నది శాస్త్రంలో మాటలకు అందేదే. ఒకదానిపై మరియొకదానిని ఆరోపించి చూడడం అధ్యాస. రజ్జువును సర్పంగా చూసేవానికి భయం కలుగుతుంది. ఆత్మీయంగా చూసేవానికి ఆనందం కలుగుతుంది. ఆనందం కలిగించినంత మాత్రాన ఆరోపం ఆరోపం కాకపోదు. పరదేశాన్ని తన ప్రతిబింబంగా చూసి ముచ్చటపడడం, దానిని వింతగా చూసి ఫోటో తీసుకొనిపోవడం, రెండింటిలోనూ ఎదుటివాడు అదృశ్యుడే. కొడుకులో తాను చదివించదలచిన పండితునిగాని, భార్య విడిచిపోయిన బాధ్యతనుగాని చూసినారే తప్ప, ఆదివారం తెల్లవారుజామున ఒంటరిగా సైకిలు తొక్కుతూ ఇతడేమి ఆలోచిస్తాడని ఆయన ఎన్నడూ అడుగలేదు. మరునాటి రాత్రి ఎనిమిది గంటలకు ఆయన మొదట అడిగినది భోజనాన్ని గూర్చి కాదు. "పొద్దున్నే ఆ రోడ్డు మీద తొక్కేటప్పుడు నీ మనస్సులో ఏముంటుందిరా?" అని అడిగినారు. కుమారుడు చెప్పినదేదో వారిద్దరిది.

నాలుగవది ప్రయోజనం. విశ్రాంతి, ఆరోగ్యం, విజ్ఞానం అన్నీ ప్రయోజనాలే. అయితే సైకిలుపై స్థానిక సంస్కృతిని దర్శించబోయేవానికి ముఖ్యప్రయోజనం ఒకటున్నది. తాను అతిథిగా ఉండడాన్ని అభ్యసించడం. గృహస్థధర్మంలో అతిథిని పూజించడం మనకు బోధింపబడినది. అతిథిగా ఎట్లుండవలెనో నేర్చుకొనే అవకాశం ఇంట కూర్చున్నవానికి దొరకదు. దారి అడుగవలెను, నీరు అడుగవలెను, పంక్చరైనప్పుడు సాయం అడుగవలెను. కీర్తన్‌ఘర్ ద్వారం వద్ద లోపలికి ఎంతవరకు రావచ్చునో అడిగి, అనుమతించినంతవరకే పోవలెను. ఈ అడగడంలో అహంకారం కొంత కరుగుతుంది. పదవిలో నుండి విశ్రాంతి పొందినవానికి ఇది మఱింత ఆవశ్యకం.

ఈ దృష్టితోనే మిగిలిన నిర్ణయాలు జరిగినవి. వానకాలంలో ద్వీపం వరదపాలు కనుక శీతకాలమే తగినది. కార్తికపూర్ణిమకు మాజులిలో రాసోత్సవం మహావైభవంగా జరుగుతుంది. కుమారుడు ఆ సమయాన్నే కోరినాడు. చివరకు ఇద్దరూ పుష్యమాసాన్ని ఎంచుకొన్నారు. ఉత్సవదినాలలో గ్రామస్థునికి నూరు పనులు ఉంటాయి, అతిథి ప్రేక్షకుడిగా మిగులుతాడు. సామాన్యదినాలలో కుమ్మరి కుండ చేస్తూ మాట్లాడుతుంది, భక్తుడు సాయంకాలనామం ముగించి అరుగుపై కూర్చుంటాడు. ఆ మాసంలో ప్రాతఃకాలం మంచు ఉంటుంది. సాయంకాలం అయిదు గంటలకే చీకటిపడుతుంది. కాబట్టి రోజుకు 20 కిలోమీటర్లు చాలునని, కమలాబారి, గరమూర్‌ల పరిసరాలలోనే బస చేసి నాలుగు దిక్కులకూ పోయిరావలెనని నిశ్చయించినారు.

కుమారుడు తన గేర్ల సైకిలును హైదరాబాదులోనే విడిచి రావడానికి అంగీకరించినాడు. అక్కడ అద్దెకు దొరికే మామూలు సైకిలు చెడిపోతే ఏ ఊరిలోనైనా బాగుచేయగలరు. ఆ మరమ్మతు జరిగేంతసేపు దుకాణం ముందు కూర్చోవడం కూడ యాత్రలో భాగమే. తండ్రి ఆహారనియమం మరియొక చిక్కు. అక్కడి వైష్ణవులలోనూ మత్స్యాహారం ఉన్నది. ఎవరి ఆచారం వారిది, దానిని ప్రశ్నింపరాదు, తన నియమాన్ని ఇతరులకు భారం చేయరాదు అన్నది ఆయన నిర్ణయం. అటుకులు, పెరుగు, బెల్లం కలిపిన ఫలహారం అక్కడ ప్రతి ఇంటా ఉంటుందని తెలిసి ఊరట చెందినారు. కుచేలుని అటుకులను గూర్చి ఏదో చెప్పబోయి తమాయించుకొన్నారు. "చెప్పండి నాన్నగారూ, నేనే అడుగుతున్నాను" అన్నాడు కుమారుడు.

జిజ్ఞాసువులు ఈ వృత్తాంతం నుండి మాజులియే ఉత్తమగమ్యమని గ్రహింపరాదు. కాకినాడలో పుట్టి ముంబయిలో పెరిగిన ఒక బాలికకు కోనసీమయే సామాన్యంగా తెలిసి, విశేషంగా తెలియని దేశం కావచ్చును. తల్లి పాడే త్యాగరాజకృతులు విన్నా తిరువైయారును ఎన్నడూ చూడనివానికి కావేరీతీరమే తగినది కావచ్చును. లేహ్ మార్గం కూడ సమవయస్కులైన మిత్రులకు సార్థకమే. గమ్యం మారుతుంది, నాలుగు ప్రశ్నలు మారవు. తొక్కబోయేవారు ఎవరు? అక్కడ ఉన్నదేమిటి? దానితో మనకు గల దారం ఏది? తిరిగివచ్చునాటికి మనలో ఏది కరగవలెను? ఈ నాలుగింటిలో మూడవదానిని నేటి యాత్రికులు ఎక్కువగా విస్మరిస్తున్నారు. దారం లేనిచోట కన్ను మాత్రమే పనిచేస్తుంది. దారం మరీ బిగిసినచోట కన్ను కూడ పనిచేయదు.

ప్రయాణానికి ఇంకా కొన్ని వారాలు ఉన్నవి. రాత్రి ఎనిమిది గంటల ఫోనులో ఇప్పుడు దశమస్కంధం నడుస్తున్నది. తండ్రి చదువుతారు, కుమారుడు నడుమ నడుమ ఆపి అడుగుతాడు. కుమారుడు ఇరువది అస్సామీ వాక్యాలు నేర్చుకొని తండ్రికి నేర్పుతున్నాడు. ఉచ్చారణలో తండ్రి తప్పులు సరిదిద్దడం అతనికి క్రొత్త అనుభవం. భీమవరంలో తండ్రి మేజాపైన ఒక చిన్న నోటుపుస్తకం ఉన్నది. అందులో సత్రంలోని భక్తులను అడుగవలసిన ప్రశ్నలను ఆయన వ్రాసుకొన్నారు. మొదటిసారి వ్రాసినప్పుడు ప్రతి ప్రశ్న క్రిందనూ దానికి రాగల సమాధానాన్ని శాస్త్రప్రమాణంతో సహా తానే వ్రాసిపెట్టినారు. గత వారం ఆ సమాధానాలన్నిటినీ గీతలు గీసి కొట్టివేసి, ఒక్కొక్క ప్రశ్న క్రింద అరపేజీ చొప్పున ఖాళీ విడిచిపెట్టినారు.